మా అత్త నడిపిన తనిఖీ కారు

మా అత్తకి ఎదురుచెప్పి బతికి బట్టకట్టినవాడు ఫ్యాక్టరీలోనే లేడని అందరూ అనేవారు. అది కొంచెం ఎక్కువే. క్యాంటీన్‌లో పనిచేసే మా నాన్న ఆమెకి సొంత తమ్ముడు. రోజూ ఎదురుచెబుతాడు, రోజూ తిట్లు తింటాడు, ఇంకా నిక్షేపంలా ఉన్నాడు. అత్త ఆ ఫ్యాక్టరీలో కారు డ్రైవరు. ఆడమనిషి స్టీరింగు పట్టుకుందని మొదట్లో నవ్వినవాళ్ళే, తర్వాత ముఖ్యమైన అతిథులెవరొచ్చినా ఆమె కారే పంపమనేవారు. ఆ కారు దారిలో ఆగేది కాదు మరి. బయలుదేరేముందు టైర్లు నొక్కి చూసి, స్టెప్నీలో గాలి చూసి, బానెట్ ఎత్తి ఇంజన్ని నాలుగు తిట్టి మరీ ఎక్కేది.

మామయ్య అదే ఫ్యాక్టరీ చివరి షెడ్డులో పనిచేసి ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాడు. పురుగుమందుల షెడ్డని బోర్డు మీద రాసి ఉండేది. ఏ పురుగుల్ని చంపడానికి ఫిరంగి గుండ్లలో మందు నింపుతారో ఆ బోర్డు మీద లేదు. మామయ్య నింపాడు. ఇప్పుడు ఆయన ముక్కుకి గొట్టం, పక్కన చక్రాల బండి మీద ఆక్సిజన్ సిలిండరు. సిలిండరు కంపెనీ ఆస్పత్రిది, ఇల్లు కంపెనీ క్వార్టర్సు, అత్త జీతం కంపెనీది. అంటే ఆయన పీల్చే గాలి కూడా వాళ్ళ చేతుల్లోనే ఉంది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

గుండ్లలో నింపే అలాంటి విషవాయువులు ఎవరూ తయారుచెయ్యకూడదని దేశాలన్నీ ఒప్పందం చేసుకున్నాయి. ఒకరి ఫ్యాక్టరీలు ఇంకొకరు వచ్చి చూసుకోవచ్చు. అలా మా ఫ్యాక్టరీకీ తనిఖీవాళ్ళు వస్తున్నారని కబురొచ్చింది. వాళ్ళలో ఒకాయనది, మామయ్య చిన్నతనంలో మాతో యుద్ధం చేసిన దేశం.

ముందురోజు సాయంత్రం మేమంతా అత్త ఇంట్లో ఉండగా సెక్యూరిటీ ఆఫీసరు వచ్చాడు. పిలవడానికి పేర్లున్నా మనుషుల్ని ఈల వేసి పిలుస్తాడు కాబట్టి ఆయన మాకు విజిల్ సారు.

"రేపు వంతెన దాటగానే నీ కారు చెడిపోవాలి," అన్నాడు. "టైరు పంక్చర్ చేస్తావో, ఇంకేం చేస్తావో నీ ఇష్టం. వేరే బండి వచ్చేలోపు చివరి షెడ్డులో డ్రమ్ములు లారీలో వెళ్ళిపోతాయి."

"నా కారు చెడిపోదు సార్."

"చెడిపోవాలి. దేశం కోసం." మామయ్య సిలిండరు వైపు చూసి, "ఆస్పత్రివాళ్ళు బాగానే చూసుకుంటున్నారుగా?" అని అడిగి వెళ్ళిపోయాడు. అది పరామర్శ కాదని పసిపిల్లలకైనా తెలుస్తుంది.

నాన్న అత్త చేతులు పట్టుకున్నాడు. "అక్కా, నీకు దణ్ణం పెడతాను. టైరులో ఓ మేకు గుచ్చెయ్. బావకి సిలిండరు ఎక్కడినుంచి తెస్తావు?"

"ఒరేయ్, ఇక్కడ నేను పంక్చర్ చేశాననుకో. రేపు మనవాళ్ళు వాళ్ళ ఫ్యాక్టరీ చూడ్డానికి వెళ్తే అక్కడి డ్రైవరూ పంక్చర్ చేస్తాడు. రెండువైపులా డ్రమ్ములు చల్లగా ఉంటాయి. మీ బావలాంటివాళ్ళు తయారవుతూనే ఉంటారు."

"అతను ఎలాగూ చేస్తాడేమో! నీకేం తెలుసు?"

"తెలీదు. నా కారు సంగతి నాకు తెలుసు."

మామయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. అత్త ఆయన వీపు వైపు చాలాసేపు చూసింది. ఆమె భయపడటం నేను అప్పటిదాకా చూడలేదు.

నేను ఆఫీసులో టైపిస్టుని. అతిథులకి పూలగుత్తులిచ్చి నవ్వమని నన్ను కారులో ముందు సీట్లో పంపారు. వెనక తనిఖీవాళ్ళిద్దరూ, దుబాసీ. మాకు ముందు విజిల్ సారు జీపు. వంతెన దాటగానే జీపు నెమ్మదించింది. సారు చెయ్యి బయటపెట్టి ఊపాడు.

"గట్టిగా పట్టుకో కోడలు పిల్లా," అంటూ అత్త గేరు మార్చి, హారన్ కొడుతూ జీపుని దాటేసింది.

వెనక సీట్లోంచి ఒకాయన ఏదో అడిగాడు. "దారిలో ఏమైనా ఇబ్బందా అంటున్నారు," అన్నాడు దుబాసీ.

"ఉండేది. వెనకపడిపోయింది," అంది అత్త.

ముందు గేటుకి పోకుండా, చివరి షెడ్డుకి దగ్గరైన వెనక గేటుకి పోనిచ్చింది. టార్పాలిన్ కప్పిన లారీ అప్పుడే గేటులోంచి ముక్కు బయటపెడుతోంది. అత్త దానికి అడ్డంగా కారు ఆపి, ఇంజన్ కట్టేసి, తాళంచెవి యూనిఫాం జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకుంది.

వెనకే వచ్చిన విజిల్ సారు జీపులోంచి దూకాడు. "కారు తియ్!"

"చెడిపోయింది సార్. దేశం కోసం."

తనిఖీవాళ్ళు దిగి టార్పాలిన్ ఎత్తించారు. డ్రమ్ములకి సీళ్ళు వేశారు. మాతో యుద్ధం చేసిన దేశపాయన అత్త దగ్గరికొచ్చి ఏదో చెప్పబోయాడు. అత్త దుబాసీ వైపు తిరిగింది. "థాంక్స్ అక్కర్లేదని చెప్పు. మనవాళ్ళు వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు కారు ఆగకుండా చూసుకోమను."

ఆయన నవ్వలేదు. చెయ్యి చాచాడు. అత్త తన చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని కలిపింది.

వాళ్ళు వెళ్ళిన మర్నాడే కంపెనీ విచారణ పెట్టింది. తనిఖీవాళ్ళు మళ్ళీ వచ్చి డ్రైవరుతో మాట్లాడతామన్నారు, అదీ అసలు భయం. పొడుగాటి బల్ల వెనక మేనేజరు, విజిల్ సారు. ఎదురుగా అత్త. తెరిచి ఉన్న తలుపు బయట బెంచీ మీద నేనూ మామయ్యా.

"కారు దానంతటదే ఆగిపోయింది, నాకెవరూ ఏమీ చెప్పలేదు అని వాళ్ళతో ఒక్క మాట చెప్పు," అన్నాడు మేనేజరు. "ఉద్యోగం, ఇల్లు, ఆస్పత్రి, అన్నీ ఎప్పటిలాగే ఉంటాయి."

ఎప్పుడూ మాటకి మాట అప్పజెప్పే అత్త ఈసారి తలతిప్పి సిలిండరు వైపు చూసింది. చెప్పెయ్ అత్తా అని నా నోటిదాకా వచ్చింది. సిగ్గుపడను, ఎవరికైనా వస్తుంది.

మామయ్య లేచాడు. చక్రాల బండిని కిర్రుకిర్రుమనిపిస్తూ లోపలికి లాక్కెళ్ళాడు.

"ఆవిడ కావాలనే ఆపింది," అన్నాడు. "ఆ షెడ్డులో గుండ్లు నింపింది నేను. వాళ్ళొస్తే నన్ను కూడా అడగమనండి."

"అయితే ఆ సిలిండరు ఇక్కడ పెట్టి వెళ్ళు. కంపెనీది," అన్నాడు విజిల్ సారు.

మామయ్య ఊపిరి కూడదీసుకున్నాడు. "ఈ ఊపిరితిత్తులూ కంపెనీ తినేసినవే. రెండూ కలిపి తీసుకుపోతున్నా. ఎవడు ఆపుతాడో ఆపమను."

అత్త కుర్చీ వెనక్కి తోసి, బండి పిడి ఆయన చేతిలోంచి అందుకుంది. విజిల్ సారు ఈల వేశాడు. తలుపు దగ్గరున్న గార్డులిద్దరూ కదల్లేదు. గడపకి చక్రం తట్టుకుంది. అప్పుడు వాళ్ళలో ఒకడు వంగి, సిలిండరు బండి ఎత్తి అవతల పెట్టాడు.