ఫిదెన్సియో వెనక వరసకు వెళ్ళిన ఏడాది

శాన్ మెల్చోర్ కొండ ఊళ్ళో ఫిదెన్సియోకి మంగలి దుకాణం ఉంది. ఆ సంగతి చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరికీ గుర్తుండదు. వాళ్ళకు తెలిసిన ఫిదెన్సియో బ్యాండులో మొదటి ట్రంపెట్. పెళ్ళి ఊరేగింపైనా, శవయాత్రైనా, పండగ పూట చర్చి మెట్ల మీదైనా ముందు వరసలో కుడి చివర అతనే ఉండేవాడు, తల కాస్త వెనక్కి వంచి, కళ్ళు మూసుకుని. పిల్లలకు పేర్లు పెట్టినప్పుడూ, ముసలివాళ్ళను పూడ్చినప్పుడూ వినబడింది ఆ ట్రంపెట్టే. దాని గురించి ఫిదెన్సియోకి గర్వం ఉండేది. ఆ గర్వాన్ని దాచుకోవాలని కూడా అతనికెప్పుడూ తోచలేదు.

యాభై దాటాక చిగుళ్ళు చెడ్డాయి. మొదట ఒక పన్ను కదిలింది. లవంగం పెట్టుకున్నాడు, మెస్కల్ సారా పుక్కిలించాడు, ఎవరికీ చెప్పలేదు. పై స్వరాలు ఊదుతుంటే నొప్పి నడినెత్తికి ఎక్కేది. ఊదడం ఆపలేదు. చివరికి అన్నం ముందు కూర్చుని చిక్కుడుగింజలు కూడా నమల్లేకపోతుంటే భార్య ఎర్మెలిందా చూసింది. మర్నాడే కొండ దిగువ పట్నంలో పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది. పై వరసలో ముందు నాలుగు పళ్ళూ తీసెయ్యక తప్పదంది డాక్టరమ్మ.

"తీసేస్తే ట్రంపెట్ ఎట్లా వాయించాలమ్మా?"

"కట్టుడు పళ్ళు పెడతాను కదండీ."

"వాటితో వాయించొచ్చా?"

ఆమె చేతులు కడుక్కుంది. "మొక్కజొన్న కంకి మాత్రం కొరక్కండి," అంది.

నేనడిగిందేమిటి, ఈవిడ చెప్పిందేమిటి అని, నాలుగు పళ్ళూ తీయించుకుని బస్సులో కొండ ఎక్కినంతసేపూ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఫిదెన్సియో కుమిలాడు. తిట్టడానికి కూడా నోరు పెగలకపోవడం అతన్ని మరీ మండించింది.

కట్టుడు పళ్ళు వచ్చాయి. అద్దంలో బాగానే కనబడ్డాయి. ట్రంపెట్ పెదవులకు ఆనించి ఊదగానే ఆ పళ్ళ పలక కదిలి అంగిట్లోకి జారింది. మందుల షాపులో జిగురు కొన్నాడు. ఆ జిగురు మామూలు మాటలకు ఆగేది, పాటకు ఆగేది కాదు. దుకాణంలో కుర్చీ ఎక్కిన ప్రతివాడూ పళ్ళ వైద్యుడైపోయాడు. ఒకడు తేనెమైనం పెట్టమన్నాడు. ఇంకొకడు, వాళ్ళ మేనమామ బంగారు పళ్ళు కట్టించుకుని దివ్యంగా క్లారినెట్ వాయించాడన్నాడు. ఇంకొకడైతే ఏకంగా, "నోరు తెరువు, చూద్దాం," అన్నాడు.

"కత్తి నీ గొంతు మీదుంది, కాస్త నువ్వు మూస్తావా నోరు?" అన్నాడు ఫిదెన్సియో.

ఫిబ్రవరిలో సాంతా బ్రీహిదా ఊరి పండగ. వాళ్ళ బ్యాండు వీళ్ళ పండక్కి వస్తుంది, వీళ్ళ బ్యాండు వాళ్ళ పండక్కి వెళ్తుంది. భోజనాలు పెడతారు, పడుకోవడానికి చోటిస్తారు, లెక్క చెల్లు. ఆ రోజు వాల్ట్జు అనే నాట్యపు పాట మధ్యలో ట్రంపెట్ ఒక్కటే పాడే చోటు వచ్చింది. మిగతా వాళ్ళంతా గొంతు తగ్గించారు. ఫిదెన్సియో తల వెనక్కి వంచి గాలి తీసుకుని పై స్వరం పట్టాడు. పట్టీ పట్టకముందే పలక ఊడింది. ట్రంపెట్ లోంచి మేకపిల్ల కాలు తొక్కినట్టు ఒక కూత వచ్చింది. నాలుకతో పలకను పైకి నొక్కి మళ్ళీ ఊదాడు. ఈసారి ఉత్త గాలి వచ్చింది.

పక్కనున్న జెనాయిదా ఒక్క తాళం కూడా తప్పనివ్వకుండా ఆ పాట అందుకుంది. ఆమె కాఫీ సహకార సంఘంలో గింజలు తూచే అమ్మాయి. ఆమెకు ట్రంపెట్ పట్టుకోవడం నేర్పింది ఫిదెన్సియోనే. వాల్ట్జు చివరిదాకా లాక్కొచ్చింది. ఊరివాళ్ళు చప్పట్లు కొట్టారు. తప్పు జరిగిందని చాలామందికి తెలియను కూడా తెలియలేదు.

తిరిగొచ్చేటప్పుడు లారీలో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. మామూలుగా డోలు కర్ర జారినా ఊరు చేరేదాకా నవ్వుకునే జనం, ఆ రోజు వానల గురించి మాట్లాడుకున్నారు. ఒకడైనా వెక్కిరిస్తే చొక్కా పట్టుకోవచ్చని ఫిదెన్సియో ఎదురుచూశాడు. ఎవరూ ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

వారం తిరక్కుండా బ్యాండు మాస్టారు క్రిసోఫొరో దుకాణానికి వచ్చాడు. కుర్చీలో కూర్చుని, "కాస్త తగ్గించు," అన్నాడు. మాస్టారి తల మీద తగ్గించడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

"చెప్పండి మాస్టారూ. జుట్టు కోసం రాలేదు మీరు."

"మొదటి ట్రంపెట్ జెనాయిదాకి ఇద్దామనుకుంటున్నా. నువ్వు రెండోది తీసుకో. అన్నీ కింది స్వరాలే."

"నేను నేర్పిన పిల్ల పక్కన నేను రెండోవాణ్ణా?"

"పోనీ తాళాలు తీసుకో."

"తాళాలా!" ఫిదెన్సియో కత్తెర బల్ల మీద పెట్టేశాడు. "నిజమే. తాళాలు కొట్టడానికి పళ్ళక్కర్లేదు, సిగ్గూ అక్కర్లేదు."

"నీకు కోపంగా ఉంది..."

"నాకు కోపంగా లేదు. నేను బ్యాండు మానేస్తున్నా. లేవండి, అయిపోయింది క్షవరం."

మాస్టారు ఒక వైపే తగ్గిన జుట్టుతో లేచి వెళ్ళిపోయాడు.

కోపంలో ఫిదెన్సియో ఒక సంగతి మరిచిపోయాడు. శాన్ మెల్చోర్ లో ప్రతి ఇంటి నుంచీ ఒకరు ఊరికి సేవ చెయ్యాలి. బ్యాండులో ఉన్నవాళ్ళకు బ్యాండే సేవ. మానేసినవాడికి ఇంకోటి పడుతుంది. ఊరివాళ్ళంతా సభలో చేతులెత్తి, అతన్ని ఊరి కావలికి వేశారు. సాధారణంగా పెళ్ళికాని కుర్రవాళ్ళు చేసే పని అది. చేతికి ఒక కర్ర, భుజానికి ఒక సంచీ ఇచ్చారు. వీధి కుక్కల్ని పంచాయితీ వరండాలోంచి తోలడం, తాగి తూలేవాళ్ళను ఇళ్ళకు చేర్చడం, పండగల్లో బాణసంచా దగ్గరికి పిల్లల్ని రానివ్వకుండా కాయడం. చర్చి ముంగిట్లో బ్యాండు వాయిస్తుంటే ఫిదెన్సియో కర్ర పట్టుకుని గోడ దగ్గర నిలబడేవాడు.

ఒక సాయంత్రం తాగినవాణ్ణి రెక్క పట్టి నడిపిస్తున్నాడు. వాడు ఉన్నట్టుండి ఆగి, చెవి రిక్కించి, "ఫిదెన్సియో, నువ్విక్కడుంటే అక్కడ ఊదేదెవడురా?" అన్నాడు.

"నీ అబ్బ. నడువు."

ఇంట్లో అంతకన్నా అన్యాయంగా ఉండేది. గోడకు తగిలించిన ట్రంపెట్ ను రోజూ దించేవాడు, నూనె వేసేవాడు, ఊదేవాడు, తిట్టి మళ్ళీ తగిలించేవాడు. జిగురు మార్చాడు. పలకకు దారం కట్టి చూశాడు. పళ్ళు తీసేసి ఉత్త చిగుళ్ళతో ఊదాడు. పెదవి చీరుకుపోయి నెత్తురు వచ్చింది. సూపులో ఉప్పు లేదని గిన్నె తోసేశాడు, తీరా చూస్తే ఉప్పు ఉంది. ఎర్మెలిందా అన్నాళ్ళూ ఓర్చుకుంది. గిన్నె తోసిన రోజున ఇంక ఓర్చుకోలేదు.

"ఏమయ్యా, పళ్ళు పోయింది నీకు. నాకూ, తలుపులకూ, ఆ కోళ్ళకూ ఏం పోయిందని మా మీద పడతావ్?"

"నీకేం తెలుసు నా బాధ?"

"మన కూతురు పెళ్ళయి వెళ్ళిపోయినప్పుడు నేనీ వంటింట్లో ఆర్నెల్లు ఎవరితో మాట్లాడానో అడిగావా? మొక్కజొన్న పిండితో మాట్లాడాను. నువ్వేమో సాధన ఉందని పోయేవాడివి."

ఫిదెన్సియో లేచి బయటికి పోయాడు. కాసేపటికి తిరిగొచ్చి గిన్నె ఎత్తి, కిందపడిన సూపు తుడిచాడు. క్షమించమని మాత్రం అనలేదు. ఆమె కూడా ఆ మాట కోసం చూడలేదు.

ఆ రోజుల్లోనే అబుందియో దుకాణానికి వచ్చాడు. ఫిదెన్సియో కూతురికి జ్ఞానస్నానం నాడు జ్ఞానతండ్రిగా నిలబడినవాడు కనక ఇద్దరూ ఒకరినొకరు కొంపాద్రే అని పిలుచుకుంటారు. బ్యాండులో ట్యూబా అతనిది. మనిషిని చుట్టుకుని భుజం మీంచి లేచే ఆ పెద్ద ఇత్తడి వాద్యాన్ని ఫిదెన్సియో ఏళ్ళ తరబడి ఎద్దు అరుపని వెక్కిరించాడు. ఇప్పుడు అబుందియో నడుంలో పూస జారింది. బరువు ఎత్తొద్దన్నాడు డాక్టరు.

"కొంపాద్రే, నా ఎద్దుని మేపేవాడు లేడు," అన్నాడు కుర్చీలో కష్టంగా కూర్చుంటూ.

"అమ్మెయ్."

"నువ్వు తీసుకో. దాని మూతి పెద్దది. పెదవులకే పని, పళ్ళ మీద ఒత్తిడి పడదు. నీ గాలి ఇంకా బాగానే ఉంది. రోజంతా తిడుతూనే ఉన్నావు కదా, అలుపు రాట్లేదు."

"నేను ఎద్దులా అరవాలా?"

"ఇప్పుడేం చేస్తున్నావ్ మరి?"

ఫిదెన్సియో సబ్బు బ్రష్షు అతని నోటి నిండా పామాడు. అబుందియో నురగ ఊసేసి పగలబడి నవ్వాడు, వెంటనే నడుము పట్టుకుని అబ్బా అన్నాడు. ఆ నెలల్లో ఫిదెన్సియోని ఎగతాళి చేసిన మొదటి మనిషి అతనే.

చివరికి ఫిదెన్సియోనే వెళ్ళి అడిగాడు, సభ ఒప్పుకుంది. కర్ర తిరిగిచ్చి ట్యూబా తీసుకోవచ్చని, క్రిస్మస్ వెళ్ళగానే వచ్చే మూడు రాజుల పండగకల్లా సిద్ధం కావాలని చెప్పింది. సాధన అబుందియో ఇంటి పెరట్లో. మొదటి రోజే ఫిదెన్సియోకి కళ్ళు తిరిగాయి. ట్రంపెట్ సన్నటి గాలి అడిగేది, ఇది తోడినకొద్దీ అడుగుతుంది. కాయితం మీద స్వరాల రాత కూడా వేరే, ఏ గీత మీద ఏ స్వరమో పిల్లల్లా వేలు పెట్టి చూసుకోవాలి. ఇన్నాళ్ళ పేరున్న వాద్యగాడు చెమటలు కక్కుతూ ఒక్క స్వరం కోసం కుస్తీ పడుతుంటే, అబుందియో తాళ్ళ కుర్చీలో వీపుకి దిండు పెట్టుకుని చేతికర్రతో నేల మీద తాళం వేసేవాడు.

"ఉం. ఆగు. ఆగు. ఉం. ఆగమన్నానా!"

"మధ్యలో ఖాళీగా ఉందిగా. ఏదో ఒకటి వెయ్యాలిగా."

"వెయ్యకూడదు. అక్కడ వేరేవాళ్ళుంటారు. నువ్వెప్పుడూ వాళ్ళను వినలేదు, అదీ నీ రోగం."

"ఒక్క పాటలో ముప్ఫైసార్లు ఉం అంటావు, ఇంతకాలం బతికావెలా?"

"నీ ట్రంపెట్ వింటూ బతికాను, ఏం చెయ్యను."

అది పొగడ్తో దెప్పో తేలక ఫిదెన్సియో ఇంకా చిరాకుపడ్డాడు. ఒక రోజు కోపం ఆపుకోలేక ట్యూబాను కాలితో తన్నాడు. పైనున్న గరాటు పక్కన పెద్ద సొట్ట పడింది. అబుందియో లేచి లోపలికి వెళ్ళిపోయాడు. రెండు రోజులు ఫిదెన్సియో అటు వెళ్ళలేదు. మూడో రోజు వెళ్ళి, చెక్క సుత్తితో తనే ఆ సొట్ట తీశాడు. పూర్తిగా రాలేదు. అబుందియో సొట్ట మీద చెయ్యి వేసి తడిమి, "మొదటి నుంచి," అన్నాడు.

జనవరిలో మూడు రాజుల పండగ వచ్చింది. ఫిదెన్సియో వెనక వరసలో, డోలు పక్కన కూర్చున్నాడు. అక్కడి నుంచి జనం కనబడరు, అన్నీ వీపులే. ముందు వరస కుడి చివర జెనాయిదా నిలబడింది. ఆమె వాయించేది తన పాటే, తను నేర్పిందే. కానీ ఊపిరి తీసుకునే చోటు మార్చేసింది, పరిగెత్తుతోంది. ఫిదెన్సియోకి ఒళ్ళు మండింది. తన ఉం కాస్త వెనక్కి లాగాడు. డోలు అతనితో వెనక్కి వచ్చింది, దాని వెనకే తాళాలు. చూస్తుండగానే బ్యాండంతా బురదలో దిగిన బండిలా నెమ్మదించింది. నాట్యం చేస్తున్న జంటలు కాళ్ళెక్కడ వెయ్యాలో తెలియక ఒకరి మీదొకరు పడ్డారు. మాస్టారు వెనక వరస వైపు చూసిన చూపుకి పాలు విరిగిపోతాయి. ఫిదెన్సియో బెదిరి మళ్ళీ వేగం పెంచాడు. అందరూ అతనితోనే ముందుకు కదిలారు. మొత్తం బ్యాండు తన పెదవుల మీద ఇలా ఆధారపడుతుందని అతనికి అంతవరకూ తెలియదు. తెలిసి సంతోషమేమీ కలగలేదు, భయం వేసింది. చివరిదాకా ఒళ్ళు దగ్గర పెట్టుకుని వాయించాడు.

పాట కాగానే జెనాయిదా విసురుగా వచ్చింది, పెద్దవాళ్ళకిచ్చే దోన్ అనే పిలుపు మాత్రం వదల్లేదు. "దోన్ ఫిదెన్సియో, నన్ను కావాలనే లాగారు కదూ!"

"నువ్వు పరిగెత్తావు. నాలుగో ఆవర్తం దగ్గర ఊపిరి తీసుకోమని ఎన్నిసార్లు చెప్పాను?"

"నాకక్కడ అవసరం లేదు. నా ఊపిరి నాది."

"నా ఉం నాది."

ఆమెకు నవ్వొచ్చింది గానీ దాచుకుంది. గొంతు తగ్గించి అడిగింది. "నా ట్రంపెట్ మీటలు పట్టేస్తున్నాయి. మీది ఇంట్లో ఖాళీగానే ఉందిగా, ఇస్తారా?"

"ఇవ్వను."

ఆమె మొహం మాడింది. తలూపి వెళ్ళిపోయింది. పక్కనే నిలబడి ఆకుల్లో చుట్టి ఉడికించిన మొక్కజొన్న తమాలెల పళ్ళెం అందిస్తున్న ఎర్మెలిందా, "ఇస్తే ఏం పోయిందయ్యా?" అంది.

"ఇవ్వాలనిపించలేదు. ఎప్పటికైనా అనిపిస్తుందేమో, ఇవాళ మాత్రం లేదు." తమాలె ఆకు విప్పాడు. మెత్తగా ఉంది. పక్క పళ్ళతో జాగ్రత్తగా నమిలాడు.

"పోనీ ఇది నచ్చిందా, ఈ ఎద్దు?"

"నచ్చలేదు. నడుము లాగేస్తోంది. ఎవడూ కనబడడు. డోలువాడు వెల్లుల్లి కంపు." ఇంకో తమాలె తీసుకున్నాడు. "వాడికి తాళం కూడా సరిగ్గా రాదు. ఇన్నాళ్ళూ అబుందియో వాణ్ణి ఎట్లా భరించాడో అడగాలి."

అంతలో మాస్టారు కర్ర ఎత్తి అందర్నీ పిలిచాడు. ఫిదెన్సియో తింటున్నది ఎర్మెలిందా చేతిలో పెట్టి, మూతి తుడుచుకుని, తిట్టుకుంటూ వెనక వరస వైపు నడిచాడు. ట్యూబాలోకి దూరకముందే డోలువాడి భుజం తట్టి, "ఈసారి నన్ను చూసి కొట్టు, నీ కాళ్ళకేసి కాదు," అన్నాడు.