దర్జీ ఎడమ చెయ్యి

కోటు కుట్టించుకోవాలంటే ఆ వీధిలో ఎవరైనా ఆ దర్జీ దగ్గరికే పొమ్మంటారు. చెయ్యి తిరిగినవాడని పేరు. ఆ చెయ్యి ఎలా తిరిగిందో మాత్రం ఎవరూ అడగరు. అడిగినా చెప్పే రకం కాదులెండి, నోట్లో ఎప్పుడూ గుండుసూదులే.

పుట్టుకతో అతనిది ఎడమచేతి వాటం. తండ్రీ దర్జీయే. కొట్టేవాడు కాదు, తిట్టేవాడూ కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. పిల్లాడి ఎడమ చెయ్యి సుద్దముక్క మీదికి వెళ్తే చాలు, గొంతు సవరించుకునేవాడు. ఖళ్ మని ఒక్కసారి. అప్పటికీ వినకపోతే గుడ్డ అంచు నుంచి పీలిక చించి, ఆ మణికట్టుని స్టూలు కాలికి కట్టేసేవాడు. "కత్తెరలన్నీ కుడిచేతి వాళ్ల కోసం చేసినవిరా. ఎడమ చేత్తో పడితే గీత కనబడదు, గుడ్డ పాడవుతుంది. మొక్కై వంగనిది మానై వంగుతుందా?" అనేవాడు. మాట నిజమే, అదే వచ్చిన చిక్కు. మంచికోరి చేసిన పని మీద ఎవరితో మొరపెట్టుకుంటాం?

ముసలాయన పోయి చాలా కాలమైంది. గొంతు మాత్రం పోలేదు. ఫోను మోగితే దర్జీ ఎడమ చెయ్యి ముందు లేస్తుంది, గాల్లో ఆగుతుంది, వెనక్కి తగ్గుతుంది. అప్పుడు కుడి చెయ్యి వెళ్లి అందుకుంటుంది. టీ గ్లాసు దగ్గరా అంతే, తలుపు గడియ దగ్గరా అంతే. ఆగిన ప్రతిసారీ వెనక ఖళ్ మని వినిపిస్తుంది. తిరిగి చూస్తే సగం కుట్టిన కోట్లు వేలాడుతుంటాయి, అంతే. ఇంత వయసొచ్చీ పోయినవాడికి భయపడుతున్నానని చెప్పుకోడానికి సిగ్గు కూడాను.

కూతురు పాకే వయసులో గిలక్కాయని ఎడమ చేత్తో లాక్కుంది. అది చూసి అతని మొహం పాలిపోయింది. భార్య కనిపెట్టేసింది.

"ఏమండీ, ముందే చెప్తున్నా. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు. దాని చెయ్యి జోలికి మీరు వెళ్లారంటే ఊరుకోను."

"ఒట్టు. వెళ్లను," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు పాపం. అంతకంటే కావాలనుకున్నది అతని బతుకులో ఇంకోటి లేదు. తనకెలాగూ తప్పలేదు, ఆ పిల్లకైనా ఆ చప్పుడు వినబడకూడదు.

మాట నిలబెట్టుకున్నాడు కూడా. పిల్లకి పిచ్చుక అని ముద్దుపేరు. ఎడమ చేత్తో తినేది, ఎడమ చేత్తో రాసేది, ఎడమ చేత్తోనే నాన్న జుట్టు పీకి ఏడిపించేది. చూసి ఎవరైనా నొసలు చిట్లిస్తే "నీ సొమ్మేం పోయింది?" అని మీద పడేవాడు. నోట్లో సూదులున్నాయన్న సంగతి కూడా మర్చిపోయేవాడు.

ఒక మధ్యాహ్నం భార్య మార్కెట్టుకి వెళ్తూ పిల్లని షాపులో వదిలింది. సాయంత్రానికి ఇవ్వాల్సిన కోటు ఒకటుంది, కాలరు ఎంతకీ కుదరడం లేదు. అతని ధ్యాసంతా దాని మీదే. చేతులు వాటంతటవే పని చేసుకుపోతున్నాయి. అలాంటివాణ్ణే లోకం పనిమంతుడంటుంది మరి! వెనకాల పిచ్చుక స్టూలెక్కి, మిగిలిన గుడ్డముక్క మీద సుద్దతో పువ్వు గీసుకుని, ఎడమ చేత్తో పెద్ద కత్తెర అందుకుంది. ఖళ్ మని వినిపించింది. రోజూ వినిపించేదే కదా అని దర్జీ పట్టించుకోలేదు.

కాలరు కుదిరింది. కుదిరాక గమనించాడు, షాపు మరీ నిశ్శబ్దంగా ఉందని.

"ఏమే పిచ్చుకా, నోరు పడిపోయిందా?" అంటూ తిరిగాడు.

పిల్ల స్టూలు పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఎడమ మణికట్టు స్టూలు కాలికి కట్టేసి ఉంది. కోటు గుడ్డ పీలికతో.

"ఎవరు కట్టారే?" అని అరిచాడు. వీధి గుమ్మం వైపు చూశాడు, కోట్ల వెనక వెతికాడు.

"నువ్వే కదా నాన్నా. ఖళ్ మన్నావు. తర్వాత వచ్చి కట్టావు."

దర్జీ తన చేతులకేసి చూసుకున్నాడు. కుడి చేతి వేళ్లకి ఇంకా గుడ్డ పోగులు అంటుకుని ఉన్నాయి. తను కుర్చీలోంచి లేచినట్టే గుర్తులేదు. ఇన్నేళ్లూ వెనక నుంచి వినిపించింది తన గొంతే అయితే, ఈ పిల్ల ఎన్నిసార్లు వినుంటుంది?

కూలబడి ముడి విప్పాడు. కన్నీళ్లు ఆగలేదు. "తప్పైపోయింది తల్లీ, ఇంకెప్పుడూ చెయ్యను," అంటూ సుద్దముక్క తెచ్చి ఆ ఎడమ చేతిలోనే పెట్టాడు. "గియ్యి, నీకెలా కావాలంటే అలా గియ్యి."

పిచ్చుక గియ్యలేదు. తండ్రి మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత సుద్దని కుడి చేతిలోకి మార్చుకుంది.

"ఆ చేత్తో వద్దే, నీ చేత్తోనే..."

"వద్దులే నాన్నా. నువ్వు ఏడుస్తావు. నాకు ఇదే బాగుంది."

తనని కట్టింది భయం. పిల్ల జాలిపడి మానేసింది. విప్పుదామంటే ఈసారి కట్టు కూడా లేదు. గడ్డం పట్టుకుని బతిమాలాడు, వాళ్లమ్మతో చెప్తానన్నాడు, చివరికి కోప్పడ్డాడు కూడా. పిల్ల నవ్వుతూ తల అడ్డంగా ఊపింది. నాలుక బయటపెట్టి, కుడి చేత్తో, వంకర పోతున్న గీతని మెల్లగా గీస్తూనే ఉంది.