పొట్టు ఎగిరిన వైపు

నా చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్ళో విమానం దిగిన కథ మా బావ నోటే వినాలంటారు మా వాళ్ళు. నేను చాలాసార్లు విన్నాను. వినడం వేరు, ఒప్పుకోవడం వేరు. మొన్న గుడివాడ పెళ్ళిలో భోజనాలయ్యాక కుర్చీలు దగ్గరికి జరుపుకుని కూర్చుంటే మళ్ళీ మొదలుపెట్టాడు. ఆయన చెప్పేది ఇదీ: ఒక ఆడపిల్ల విమానం నడపడం నేర్చుకుంటూ గాల్లో ఇంజను ఆపేసింది. భయంతో ఏడుపు లంకించుకుంది. పక్కన కూర్చున్న సారు ఆమె చేతిలోంచి విమానాన్ని లాక్కున్నాడు. కింద మా మావయ్య, అంటే బావ వాళ్ళ నాన్న, ఎర్ర తుండు ఊపి దారి చూపిస్తుంటే మా కళ్ళం పక్కన పువ్వులా దింపేశాడు.

ఇందులో ఆడపిల్ల ఉన్న మాట నిజం. సారు ఉన్న మాట నిజం. తుండు కూడా ఎర్రదే. మిగిలినదంతా మా బావ ఇన్నేళ్ళుగా నీళ్ళు పోసి పెంచింది.

ఆ ఊరు దివిసీమలో, సాయంత్రం అయ్యేసరికి సముద్రం గాలి తగిలేంత దూరంలో ఉంది. అప్పటికి కోతలైపోయి నూర్పిళ్ళు నడుస్తున్నాయి. మా వైపు వరి కోయకముందే ఆ చేలోనే మినుములు చల్లేస్తారు. వరి కోసి, పనలు ఎత్తి, కుప్పలు వేసేసరికి నేలంతా మినుము మొక్క లేచి ఉంటుంది. పైనుంచి చూసేవాళ్ళకి పచ్చటి చాప పరిచినట్టుంటుంది కానీ, ఆ చాప కింద గట్లుంటాయి, తడి ఉంటుంది. ఆ సంవత్సరం కుప్పల దగ్గరికి బళ్ళు తిరగడానికి మావయ్య మధ్య గట్లు కొట్టించి ఉత్తరం నుంచి దక్షిణానికి పొడుగ్గా బళ్ళ బాట వేయించాడు. ఉత్తరపు కొసన కాలువ. దక్షిణపు కొసకి దగ్గర్లో, బాటకి పడమటి పక్కన మా కళ్ళం.

కళ్ళమంటే పేడతో అలికి ఎండబెట్టి, ధాన్యం నూర్చుకునే నేల. అక్కడ చెప్పులతో అడుగుపెట్టకూడదు. మా అమ్మమ్మ ఈ విషయంలో కలెక్టరు వచ్చినా వదిలే మనిషి కాదు.

ఆ రోజు తూర్పారబడుతున్నారు. ఎత్తు పీట మీద నిలబడి చేటతో ధాన్యం జారవిడిస్తే గట్టి గింజ సూటిగా కింద పడుతుంది, తాలూ పొట్టూ గాలికి పక్కకి కొట్టుకుపోతాయి. గాలి ఉంటేనే ఆ పని. పొద్దున ఉన్న ఉత్తరపు గాలి ఎండెక్కేసరికి చచ్చిపోయింది. భోజనాల వేళ దాటినా ఆకు కదల్లేదు. కూలీలు కుప్ప నీడన చేరి ఆవలిస్తున్నారు. అమ్మమ్మ మాత్రం పీట దగ్గరే నిలబడి, గాలి తనకేదో బాకీ ఉన్నట్టు ఆకాశం వంక చూస్తోంది. చివరికి దక్షిణాన సముద్రం వైపు నుంచి గాలి తిరిగింది. ఇంకెవరికీ అప్పజెప్పకుండా తనే పీట ఎక్కింది. నేను కింద చీపురు పట్టుకుని రాశి మీద పడ్డ పొట్టు ఊడుస్తున్నాను. ఒళ్ళంతా నూగు, ఒకటే దురద.

అప్పుడు కనిపించింది విమానం. ముందు మామూలుగానే చప్పుడు చేసింది, తర్వాత దగ్గింది, ఆ తర్వాత చప్పుడే లేదు. చప్పుడు లేకుండా కిందికి దిగుతోంది. మాకంతకుముందు తెలిసిన విమానమల్లా పొలాలకి పైనుంచి పురుగుమందు చల్లిన విమానం, అదీ పెద్దవాళ్ళ మాటల్లో. మావయ్య ఒక్క కేక పెట్టాడు.

"మందు కొట్టే విమానం రోయ్! ధాన్యం కప్పండి! బిందె మీద మూత పెట్టండి!"

కోతలైపోయిన చేలో మందెందుకు కొడతారని ఒక్కరికీ తట్టలేదు. గోనెపట్టాలు పట్టుకుని అందరూ రాశి మీద పడ్డారు. మావయ్య భుజం మీది తుండు తీసి ఊపడం మొదలుపెట్టాడు. దారి చూపించడానికి కాదు నాయనా, "అటు పో, అటు పో" అని తరమడానికి. కోళ్ళని ఎలా తరుముతాడో అలాగే తరిమాడు.

అమ్మమ్మ మాత్రం పీట దిగలేదు. "గాలొచ్చిందిరా! పొద్దుటి నుంచీ దీనికోసమే చూస్తున్నా. మందు కొడితే కొట్టనీ, కడుక్కుంటా," అంది. చేట మీద చేట పోస్తూనే ఉంది. పొట్టు ఆమె పక్కనుంచి ఉత్తరం వైపు పొగలా లేచిపోతోంది.

విమానం మా నెత్తిమీదుగా దక్షిణం వైపు నుంచి వచ్చింది. మేమందరం అది అలాగే ముందుకెళ్ళి ఉత్తరం మొహంగా ఎక్కడో పడుతుందనుకున్నాం. పడలేదు. కాలువ దాటాక ఒక రెక్క వంచి వెనక్కి తిరిగింది. ఇటు మొహం పెట్టి, కాలువ మీదుగా, బళ్ళ బాట పట్టుకుని, రెండు కుప్పల మధ్య నుంచి మా వైపు వచ్చింది. చక్రాలు నేలకి తగిలాయి, ఎగిరింది, మళ్ళీ తగిలాయి. కొట్టేసిన గట్టు మొదలొకటి అడ్డొస్తే దాన్ని దాటి పక్కకి జారింది. ముందు చక్రం మినుము చేలో దిగబడి, ముక్కు వంచుకుని, కళ్ళానికి అల్లంత దూరంలో ఆగింది.

ఇక్కడే నాకూ బావకీ పేచీ. విమానం మా ముందు నుంచి వెళ్తున్నప్పుడు కుడివైపు సీటు మా పక్కకి ఉంది. అందులో సారు. పడమటెండ సరిగ్గా ఆయన మీద పడుతోంది. ఒక చేత్తో తలుపు కాస్త తెరిచి పట్టుకున్నాడు, దిగాక తలుపు బిగుసుకుపోకుండా అలా చేస్తారని తర్వాత తెలిసింది. రెండో చెయ్యి పైకప్పుకి ఆనించి ఉంది. ఆయన రెండు చేతులూ నేను చూశాను.

"కాళ్ళతో కూడా నడుపుతారు, తెలుసా?" అన్నాడు బావ మొన్న పెళ్ళిలో.

"తెలుసు. కాళ్ళతో పక్కకి తిప్పుతారు. పైకీ కిందకీ చేత్తోనే. పైగా నువ్వు తూర్పు కుప్ప వెనక దాక్కున్నావు, నీ కళ్ళల్లో ఎండ."

"నీకప్పుడు తొమ్మిదేళ్ళే!"

"నీకు పదకొండు. కుప్ప వెనక్కి ముందు పరిగెత్తింది ఎవరు బావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నవ్వులో నా మాట కొట్టుకుపోయింది. ఇది ఎప్పుడూ జరిగేదే.

చావు తప్పించుకుని నేల మీదికి దిగిన ఆ ఇద్దరూ మా ఊళ్ళో విన్న మొదటి మాట అమ్మమ్మదే. "బూట్లు! బూట్లు విప్పండి, కళ్ళం!"

సారు అక్కడే కూర్చుని తాళ్ళు విప్పుకోసాగాడు. పక్కనే ఆ అక్క. ఇరవై ఏళ్ళుంటాయేమో, జడ చొక్కా లోపలికి దోపుకుంది. అప్పటికే మావయ్య మినుము తొక్కుకుంటూ వస్తున్నాడు. విమానం నలిపిన దానికంటే ఆయన నలిపిందే ఎక్కువ.

"ఎవరయ్యా నా చేలో దింపింది? ఎవరంట?"

ఆయన చేతిలో ఎడ్లని తోలే ముల్లుకర్ర ఒకటి ఉంది. చూపు ఆ అక్క మీద పడింది. విమానంలో ఆడపిల్లని చూసేసరికి మొహం ఇంకో రకంగా మారింది. అది గమనించాడో ఏమో, సారు బూటు తాడు మీంచి తలెత్తకుండానే అన్నాడు. "నేనేనండీ. నేనే దింపాను."

ఆ అక్క చటుక్కున ఆయన వైపు చూసింది.

ఆ క్షణంలో ఆ మాటకి అర్థం ఒక్కటే, తిట్లు నన్ను తిట్టండి అని. అది మంచితనమే, నేను కాదనను. కానీ మనుషుల మనసు ఎంతసేపు ఒకలా ఉంటుంది? మావయ్య వెనక్కి నడిచి చక్రాల జాడ చూశాడు. కాలువ దగ్గర మొదలై, చివర జారిన కాస్త తప్ప, బళ్ళ బాట వదలకుండా వచ్చింది. రెండు కుప్పల్లో ఒక్క పన కదల్లేదు. తిరిగొచ్చేసరికి మనిషి మారిపోయాడు. ముల్లుకర్ర ఎక్కడో పారేశాడు. "రెండు కుప్పల మధ్య నుంచి తెచ్చాడ్రా! మీ చేతులకి దణ్ణం పెట్టాలండీ సారూ!" అని నిజంగానే ఆయన చేతులు పట్టుకున్నాడు. ఈలోగా ఊరంతా సైకిళ్ళేసుకుని వచ్చేసింది. బొండాలు కొట్టారు. మొదటి బొండాం సారుకి. ఆ అక్కకి బొండాంతోపాటు ఉచిత సలహా కూడా దొరికింది. "చూసి నేర్చుకో అమ్మా."

తిట్లు కాయడానికి పట్టిన గొడుగు మీద పూలు పడ్డాయన్నమాట. సారు ఇబ్బందిగా కదిలాడు. "అసలు సంగతేంటంటే..." అని మొదలుపెట్టాడు కూడా. నేను విన్నాను. ఆ అక్క ఆయన్ని పూర్తిచెయ్యనివ్వలేదు. "సార్, ముందు బొండాం తాగండి," అంది. ఆయన ఆమె వంక కాసేపు చూసి బొండాం ఎత్తుకున్నాడు.

జనం విమానం చుట్టూ చేరాక ఆమె వచ్చి కళ్ళం అంచున అమ్మమ్మ పక్కన కూర్చుంది. రెండు కళ్ళూ ఎర్రగా అయి నీళ్ళు కారుతున్నాయి. నూగు పడింది, మరేం కాదు. అమ్మమ్మ పైట కొస నోటి దగ్గర పెట్టుకుని వేడిగా ఊది కళ్ళకి అద్దింది. దూరం నుంచి బావ చూసిన ఏడుపు అదీ!

నేను ఊరుకోలేక అడిగాను. "ఉత్తరం వైపు వెళ్ళి మళ్ళీ ఎందుకు తిరిగారు?"

"గాలికి ఎదురుగా దిగాలమ్మా. వెనక నుంచి గాలుంటే ఎంతకీ ఆగదు. నేరుగా ఆ కాలువలో పడేవాళ్ళం. పొద్దున మేం బయల్దేరినప్పుడు ఉత్తరపు గాలి. సారు అదే అనుకుని ఉత్తరం మొహంగా దించమన్నారు. నాకు మీ పొట్టు కనిపించింది. ఎదురు చెప్పాను. ఆయన ఒక్కసారి కిందికి చూసి, సరే నీ చేతిలోనే ఉంది కదా, నీ ఇష్టం అన్నారు."

అమ్మమ్మ చేట పక్కన పెట్టింది. "అయితే దింపింది నువ్వే!"

"నేనే."

"మరి ఆయనేంటి, నేనంటాడు? నువ్వేంటి, నోరు మూసుకుని కూర్చున్నావు?"

ఆ అక్క నెమ్మదిగా చెప్పింది. ఇంట్లో వద్దంటే వద్దన్నారట. నాన్నని ఒప్పించడానికి ఏడాది పట్టిందట. ఆయన ఒకటే షరతు పెట్టి పంపించాడు, చిన్న ప్రమాదం జరిగినా ఆ రోజే ఇంటికి వచ్చెయ్యాలని. "సారు నడుపుతుంటే ఇంజను ఆగిందంటే అది సారుకి జరిగింది మామ్మగారూ. నేను నడుపుతుంటే ఆగిందంటే అది నాకు జరిగింది. రేపు మా నాన్న ఇక్కడికొచ్చి అడిగినా ఊరంతా ఒకటే మాట చెప్పాలి."

"నువ్వే కాపాడావంటే మీ నాన్న సంతోషించడా?"

"ముందు సగం వింటే ఆయన రెండో సగం దాకా ఆగడండీ."

అమ్మమ్మ నా వైపు తిరిగి, "విన్నావుగా. నీ నోరు నాకు తెలుసు. ఇది బయటికొస్తే ఈ పిల్ల రెక్కలు విరిచినట్టే," అంది. నేను తలూపాను. అమ్మమ్మ పోయేదాకా ఆ మాట నిలబెట్టుకున్నాను. నా గురించి తెలిసినవాళ్ళెవరూ ఇది నమ్మరు.

పొద్దు వాలాక జీపు వచ్చింది. సారు ముందు వెళ్ళి జీపు తలుపు తెరిచి పట్టుకుని, ఆ అక్క ఎక్కేదాకా పక్కకి నిలబడ్డాడు. విమానం తలుపు పట్టుకున్నట్టే పట్టుకున్నాడు. "పాపం, పిల్ల భయంతో నడవలేకపోతోంది," అన్నాడు మావయ్య. ఆమె చక్కగా నడిచింది. బూట్లు చేత్తో పట్టుకుని, కళ్ళం దాటేదాకా వేసుకోకుండా నడిచింది.

వాళ్ళ నాన్న మా ఊరు రాలేదు. వచ్చి ఉంటే మావయ్య బొండాం కొట్టి మరీ సారు గొప్పతనం చెప్పేవాడు. ఆ కథ అలాగే స్థిరపడిపోయింది. అమ్మమ్మ పోయాక నేను అసలు సంగతి చెప్పడం మొదలుపెడితే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని ఎదురడిగారు. మా వాళ్ళ లెక్కలో ఆలస్యంగా వచ్చిన నిజం అబద్ధం కిందే జమ.

ఇప్పుడు నేను బందరులో కాలేజీలో పాఠాలు చెబుతాను. మీటింగుల్లో ఎవరైనా "నేను చేయించాను" అని మొదలుపెడితే నా కళ్ళు వాళ్ళ మొహం మీదికి పోవు, చేతుల మీదికి పోతాయి. నిజంగా ఎవరు చేశారో వాళ్ళ పేరు పైకి చెబుతాను. కొత్తగా చేరిన ఒక అమ్మాయి పని గురించి అలాగే చెబితే, తర్వాత ఆ అమ్మాయే నా దగ్గరకొచ్చి, "మేడమ్, ఎందుకు చెప్పారు, నన్నిలా వదిలేయండి," అంది. నాకు కోపం రాలేదు. కళ్ళం అంచున కూర్చున్న మనిషి గుర్తొచ్చింది. చెప్పడం మంచిదా, ఊరుకోవడం మంచిదా అన్నది నేను తేల్చలేను. ఆ పిల్ల లెక్క ఆ పిల్లకుంటుంది. అయినా నేను చెబుతూనే ఉన్నాను. అందుకే నాకు నోరు పెద్దదని పేరు.

ఆ అక్క ఇప్పుడు ఎక్కడున్నా అరవై దాటి ఉంటుంది. ఎగరడం కొనసాగించిందో, ఇంకేదో వంకతో వాళ్ళ నాన్న ఇంటికి పిలిపించుకున్నాడో నాకు తెలియదు. కనిపిస్తే అది కూడా అడగను. అడిగేది ఒక్కటే. ఎగరడం కోసం ఆ రోజు ఆ దిగడాన్ని మా ఊళ్ళో ఇంకొకరికి వదిలేసి వెళ్ళావు కదా అక్కా, తర్వాత ఎప్పుడైనా, ఎవరి ముందైనా, అది నాదే అని వెనక్కి తీసుకున్నావా?