ఒక సెకను ముందు వచ్చిన గొంతు

ఈ ఉదయం మనవరాలు నన్ను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూ కారులో ఒక పాట పెట్టింది. పాట మొదలవకముందే, పక్క గదిలోంచి వచ్చినట్టు, మొదటి మాట సన్నగా వినిపించి ఆగింది. ఆ తర్వాత అసలు గొంతు అందుకుంది. "తాతయ్యా, డిడ్ యూ హియర్ దట్? సో క్రీపీ!" అంది. "అది నా పనేనమ్మా" అన్నాను. నమ్మలేదు. ఇంటికొచ్చి పాత డైరీ తీశాను. జనవరి పేజీలో నా చేతిరాతే: "పక్కింటి టేపులన్నీ సరిగా తిప్పి పెట్టాను. తృప్తి."

సిడ్నీ శివారు క్వేకర్స్ హిల్‌లో మా పక్కింటాయన ఒకప్పుడు బ్లూస్ అనే అమెరికా నల్లవాళ్ల పాటల రికార్డులు చేయించిన ప్రొడ్యూసర్. కర్ణాటక కచేరీలకు అలవాటుపడ్డ నా చెవికి ఆ పాటలు ఒకేచోట తిరుగుతున్నట్టుండేవి. ఆ మాటే అంటే, "తిరగడం కాదు మేట్, తవ్వడం" అనేవారు. ఆయన గ్యారేజీలో నలభై టేపు చుట్టలుండేవి. అందులో ఒకటి, అమెరికా నుంచి వచ్చి సిడ్నీలో స్థిరపడిన ఒక గాయకుడిది. ఆ గాయకుడి దగ్గర నేర్చుకున్నవాళ్లు పేరు తెచ్చుకున్నారు. ఆయన గొంతు మాత్రం ఆ ఒక్క టేపులోనే మిగిలింది. న్యూకాజిల్‌లో ఉండే ఆయన కూతురు దాన్ని వినడానికి ఫిబ్రవరిలో వస్తానంది.

అంతకుముందు పక్కింటాయన పెర్త్‌లో కొడుకు దగ్గరికి ఆరు వారాలు వెళ్తూ, మొక్కలకు నీళ్లు పోయమని నాకు తాళాలిచ్చారు. టేపులన్నీ చివర పైకి, మొదలు లోపలికి చుట్టి ఉన్నాయి. ఆఫీసు ఫైళ్ల రికార్డు రూములో ముప్ఫై ఏళ్లు పనిచేసినవాణ్ణి, ఊరుకోగలనా? మెషీను మీద ఒక్కొక్కటే వెనక్కి తిప్పి, అన్నింటికీ మొదలు పైకి తెచ్చాను.

ఆయన తిరిగొచ్చి, ఆ టేపు వేసి విని, గోడ మీదుగా నన్ను పిలిచారు. "వీటిని ఎవరు ముట్టుకున్నారు మేట్?" గొంతు పెంచలేదు, అందుకే భయమేసింది. చుట్టలో ఒక పొర మీది శబ్దం పక్క పొరకు అంటుకుంటుందట. చివర పైకి ఉంచితే ఆ నీడ పాట వెనక పడి దాక్కుంటుంది. మొదలు పైకి ఉంచితే పాటకు ముందే వినిపిస్తుంది. ఇక్కడి జనవరి నడివేసవి ఎండకు కాగిన గ్యారేజీలో అది ఇంకా గట్టిగా అంటుకుంది. అటూ ఇటూ పదిసార్లు తిప్పితే చాలావరకు తగ్గింది. మొదటి మాట నీడ మాత్రం పోలేదు. "మీ సర్దుడు మన అల్మారాలకే పెట్టుకోండని ఎన్నిసార్లు చెప్పాను!" అంది మా ఆవిడ.

శనివారం ఆ గాయకుడి కూతురు వచ్చింది. అరవై దాటిన మనిషి. పాట వేయకముందే తప్పు నాదని చెప్పాను. ఆమె తలూపి, కళ్లు మూసుకుంది. నీడ వినిపించింది, ఆగింది. ఆమె చెయ్యి కుర్చీ అంచును పట్టుకుంది. తర్వాత తండ్రి గొంతు వచ్చింది. పాట అయ్యాక పక్కింటాయన, ఆ ముక్క కత్తిరించేస్తానన్నారు. "డోంట్ యూ డేర్" అంది ఆమె. "నాన్న స్టేజీ ఎక్కేముందు తెర వెనక మొదటి మాట ఇలాగే సన్నగా అనుకునేవాడు. నేనక్కడ నిలబడి వినేదాన్ని. మళ్లీ వేయండి."

మళ్లీ వేశారు. ఈసారి ముగ్గురం ఊపిరి బిగబట్టి నీడకూ గొంతుకూ మధ్య ఆ ఖాళీ కోసం ఎదురుచూశాం. ఆ ముక్క ఉంచే పాటను తర్వాత విడుదల చేశారు; ఈ ఉదయం కారులో విన్నది అదే. ఏళ్లు సెకన్లలా పోతున్నాయని ఈ వయసులో అందరం విసుక్కుంటాం. ఒక్క సెకను ఎంతసేపు నిలబడగలదో నేను ఆ గ్యారేజీలో చూశాను.