మా చేని మట్టిలో పెండనీళ్లు

నాలుగు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. అందుకే ఈ సంగతి ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను. ఉత్తరాలు అందలేదని అనడానికి వీల్లేదు. నాలుగూ రిజిస్టరు పోస్టులో పంపాను. అందినట్టు సంతకాలు పెట్టి పంపిన కార్డులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. సంతకానికి దొరికిన తీరిక రెండు ముక్కలు రాయడానికి దొరకలేదన్నమాట.

నేను వనపర్తిలో ఒక కాలేజీ జీవశాస్త్రం ల్యాబులో అటెండరుగా పనిచేసి రిటైరయ్యాను. గాజుగిన్నెలు కడగడం, ఆవిరిలో ఉడికించడం, సూక్ష్మజీవులు పెరగడానికి అగర్ కాచి వాటిలో పోయడం నా పని. మైక్రోస్కోపు తుడిచేది నేనే, అమర్చేది నేనే. చూడమని మాత్రం ఎవరూ అనలేదు. ఒకసారి నేను కన్ను ఆనించబోతే ఒక లెక్చరరు "చూసి ఏం జేస్తవ్, తుడువు" అన్నారు. ఆ రోజు ఆయన వేసుకున్న చొక్కా రంగు కూడా నాకు గుర్తుంది. పిల్లలంతా వెళ్లాక తలుపు దగ్గరికి వేసి చూసేవాణ్ని. మూత తీసిన గిన్నె మీద తుమ్మితే ఆ గిన్నె ఇక పనికిరాదని అక్కడే నేర్చుకున్నాను. కనుక తెలియక చేశానని తప్పించుకునే దారి నాకు లేదు.

గద్వాల దారిలో మాకు మూడెకరాల ఎర్రచెల్క నేల ఉంది. ఒక మూలంతా బండలు. మా తాతల నాటి నుంచి అక్కడ నాగలి దిగలేదు, ఎరువు పడలేదు. మూడేళ్ల కిందట హైదరాబాదు నుంచి ఒక పరిశోధకురాలు ఫోన్ చేసి సరిగ్గా అలాంటి మట్టే కావాలంది. వానలు ఎగ్గొట్టినా పైరు తట్టుకునేలా కొన్ని సూక్ష్మజీవులు వేళ్లకు సాయం చేస్తాయట. పశువుల పెండ సోకని చెల్కలో అవి ఎలా ఉంటాయో చూడాలట. "ఆ మూలను ముట్టుకోకండి అంకుల్, రేపు పొద్దున వస్తాం" అంది. పట్నం నుంచి మన్ను తీసుకోవడానికి వస్తున్నారని నా భార్యకు చెప్పాను. ముట్టుకోవద్దన్న మాట చెప్పలేదు. చెప్పవలసిన పని ఉంటుందని తోచలేదు.

మర్నాడు రోడ్డు మీదికి ఎదురెళ్లి వాళ్ల జీపు ఎక్కి చేనికి తీసుకుపోయాను. పరిశోధకురాలు, డ్రైవరు, ఇద్దరే. ఆ మూలన ఒక బండకు పసుపు, కుంకుమ కనిపించాయి. ప్రతి ఏరువాకకూ నా భార్య పెట్టేవేనని పట్టించుకోలేదు. ఆ అమ్మాయి చేతులకు తొడుగులు వేసుకుని, ఇనుప గొట్టం దింపి, మట్టిని చిన్న డబ్బాల్లో నింపింది. నేను ఆమెకు గొడుగు పట్టాను. "వీటిని ఏ అగర్ మీద పెంచుతారమ్మా?" అని అడిగాను.

ఆమె నోరు తెరవకముందే డ్రైవరు అందుకున్నాడు. "నీకెందుకు పెద్దాయనా గవన్ని? గొడుగు జర సక్కగ పట్టు."

ఆ మాటకు ఆ అమ్మాయి నవ్వింది. చిన్న నవ్వే. కానీ నవ్వింది.

ఇంటికి తీసుకొచ్చి జొన్నరొట్టె, పుంటికూర పప్పు పెట్టాం. వాళ్లు తింటుంటే నేను ఇంకో రొట్టె కోసం వంటింట్లోకి వెళ్లాను.

"మన్ను మంచిగ తీసిండ్రా?" అని అడిగింది నా భార్య. "నేను పొద్దుగాల్నే పోయి పెండనీళ్లు సల్లొచ్చిన."

"ఏడ సల్లినవ్?"

"ఏడ అంటవేంది? బండల మూలకే. ఊడ్చి, సల్లి, బండకు పసుపు కుంకుమ పెట్టొచ్చిన. మీరొచ్చేదాంక ఎండకు ఆరిపోయుంటయ్."

"నిన్నెవరు సల్లమన్నరు?"

"ఒకరు చెప్పాల్నా? లగ్గానికి పుట్టమన్ను తెచ్చినా ముందుగాల సల్లి, మొక్కి తెస్తం. భూదేవిని డబ్బాలల్ల పెట్టి పట్నం తోల్కపోతుండ్రు. ఉత్తగనే పంపుతరా ఎవలన్న?"

ఆమెను ఏమనగలను? మట్టి తీసే చోట ఆమె తల్లీ అదే చేసేది, మా అమ్మా అదే చేసేది.

వెంటనే బయటికి వెళ్లి చెప్పవలసింది. రొట్టె పట్టుకుని గడపలో నిలబడ్డాను. ఆ నవ్వు గుర్తొచ్చింది. అన్నీ తెలిసినవాళ్లు కదా, ఇదీ తెలుసుకుంటారులే అనుకున్నాను. జీపు ఎక్కే ముందు ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, నేను అడిగినదానికి జవాబు చెప్పింది. "ఇప్పుడు పెంచే పని లేదు అంకుల్. గిన్నెలో పెరగనివే ఎక్కువ. మట్టిలో ఉన్న అన్నిటి జన్యువులనూ నేరుగా చదివేస్తాం. ఆ మూల దున్నకండి, మళ్లీ వస్తాం." అంత మర్యాదగా చెప్పిన మనిషికి కూడా నేను నోరు విప్పలేదు. ఈ తప్పు నా భార్యది కాదు, నాది.

వారం రోజులు అన్నం సయించలేదు. మా కాలంలో అయితే గిన్నెలో పెరగనిది లేనట్టే. ఇప్పుడు అన్నీ చదువుతారంటే మా బర్రె కడుపులోవి కూడా చదువుతారు. పెండ సోకని చెల్క అని పేరు పెట్టి అవన్నీ రాసుకుంటారు. రేపు ఎవరో ఆ రాత నమ్మి, రైతుల విత్తనాలకు ఏదో పట్టించమంటారు. అప్పుడు ఆ అమ్మాయి పనిచేసే హైదరాబాదు సంస్థకు మొదటి ఉత్తరం రాశాను. జరిగింది జరిగినట్టు రాసి, ఆ మట్టిని పక్కన పెట్టి, వచ్చి వేరే మట్టి తీసుకోమన్నాను. ఆ అమ్మాయి ఫోన్ నంబరు అప్పటికే పనిచేయడం లేదు. పెండనీళ్లతో ఆ మట్టి ఎంత మారిందో చూడమని గద్వాలలో మట్టి పరీక్షలు చేసేవారిని అడిగితే, తాము నత్రజని, భాస్వరం, పొటాష్ చూస్తామని, సూక్ష్మజీవుల లెక్క తమది కాదని మర్యాదగానే చెప్పారు.

నా బావమరిది మన్ననూరులో అడవి వాచరు. పులుల మీద పరిశోధన చేసేవాళ్ల వెంట తిరిగి, దారిలో దొరికిన పులి పెంటను సంచుల్లో వేసి నంబర్లు రాయడం కూడా అతని పనే. నా గోడు విని పడీపడీ నవ్వాడు.

"పులి పెంటకైతే జవాబొస్తది బావా. అది ఏం తిన్నదో గూడ రాసి పంపుతరు. నీ బర్రె పెండకు ఎవడు రాస్తడు?"

"నవ్వకురా. మీ కాడ సంచి చెడిపోతే ఏం జేస్తరు?"

"ఏమున్నది? వానకు తడిసినా, నక్క పెంట కలిసినా, చెడిపోయిందని రాసి పక్కకు పెడ్తం. గంతే. దానికి ఇంత పరేషాన్ ఎందుకు?"

అంతే కదా నేనడిగేది కూడా. రెండో ఉత్తరంలో ఆ మాటే రాశాను.

ఆ మూలను ఇప్పటికీ దున్నలేదు. ఏటా ట్రాక్టరు అతను "గింత జాగ ఎందుకు పెద్దనాయనా పడావు పెడ్తవు?" అంటాడు. వాళ్లు వస్తారని చెబుతాను. రాకపోయినా నాకు కలిగిన లోటేమీ లేదు. తొలకరికి ఆరుద్ర పురుగులు ఎర్రని మఖమలు ముక్కల్లా అక్కడే తిరుగుతాయి. బండ సందున కముజు పిట్ట పిల్లలను లేపింది. తంగేడు నా నడుమెత్తు పెరిగింది. కాలేజీలో ఒకరు పారేయబోయిన భూతద్దం నా దగ్గరుంది. సాయంత్రాలు దానితో బండల మీది నాచు చూస్తూ కూర్చుంటాను, ఇక్కడ అడ్డు చెప్పేవారు లేరు. నా భార్య పక్కన కూర్చుని పల్లికాయ వలుస్తుంది. ఇంత సుఖం నా సర్వీసు మొత్తంలో ఎరగను.

ఆమె దగ్గర మాట కూడా తీసుకున్నాను. "ఈపారి ఆళ్లొస్తే ఏం సల్లను, సరేనా? మొక్కుడు మటుకు మొక్కుత. కండ్లతోని మొక్కితే మన్ను చెడిపోదు గద?" అంది. చెడిపోదన్నాను.

కనుక ఆ డబ్బాలు తీసుకుపోయినవారికి ఇదే నా ఐదో ఉత్తరం. ఆ మట్టిని లెక్కలోంచి తీసేశారా, లేదా? తీసేస్తే ఆ మాట రాయండి. తీయకపోతే వచ్చి మళ్లీ తీసుకోండి, గొడుగు నేనే పడతాను. ఎవరు రాసినా సరే, ఈసారి సంతకం ఒక్కటే పంపితే ఒప్పుకోను. జవాబు రాయండి.