రాతినార కొట్టంలో మరియమ్మ

ఈ ఉదయం పక్కింటి మీద సిమెంటు రేకులు కోస్తున్నారు. రంపం చప్పుడు వినగానే లేచి కిటికీ మూశాను. అయినా ఆ పొడి వాసన గదిలోకి రానే వచ్చింది. ఆ రేకుల్లో కలిపే రాతినారను, అదే ఆస్‌బెస్టాస్‌ను, తవ్వే పులివెందుల దగ్గరి గనిలో ఒకప్పుడు హాజరు పుస్తకం రాసే రైటరును నేను. అందులో మరియమ్మ పేరు ఎదుట "క్షయ వల్ల మానుకున్నది" అని రాసింది ఈ చెయ్యే. ఆ మాట తప్పని చెప్పగలిగినవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. అందుకే ఇది రాసిపెట్టాలి.

అవి యాభైల మొదటి సంవత్సరాలు. సొరంగం నుంచి వచ్చిన రాళ్లను రేకుల కొట్టంలో కూర్చుని సుత్తులతో చితక్కొట్టి, దూదిలాంటి నారను జల్లెడ పట్టే ఆడవాళ్లకు మరియమ్మ పెద్ద. తాగడానికి మోసుకొచ్చిన కుండలోంచి దోసెడు నీళ్లు తీసి రాళ్ల మీద చల్లేది. నార ముద్దకడుతుందని మేస్త్రీ కేకలేసేవాడు.

"ముద్దకడితే ఎండబెట్టుకోప్పా. మా రొమ్ములో ముద్దకడితే యాడ ఎండబెట్టేది?" అనేది. కొట్టమంతా నవ్వేది. ఆ నవ్వు కాసేపటికే దగ్గయ్యేది.

నా బడి చదువు ఎనిమిదితో ఆగింది. తక్కినదంతా గ్రంథాలయమే నేర్పింది. ఒక ఇంగ్లీషు పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని నాలుగు ఆదివారాలు చదివాను. సొరంగంలో తవ్వేవాళ్ల ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము చేరుతుందని అందులో ఉంది. మరియమ్మ కూతురు శాంతమ్మ అప్పుడు సొరంగం వాకిట్లో గంపలు మోసేది. గర్వంగా వెళ్లి చెప్పాను.

"శాంతమ్మను కొట్టంలోకి తెచ్చుకో మరియమ్మా. సొరంగం దగ్గర ప్రమాదం. పుస్తకంలో ఉంది."

ఆమె సుత్తి ఆపింది. "పుస్తకంలో మా కొట్టం ఉండాదా రైటరప్పా?"

"లేదు."

"ఈడ చూడు, ఎదురుగా కూసున్న మనిషి మొగం కనపడదు. ఆడన్నా గాలి ఆడతాది."

"చదివినవాణ్ణి చెప్తున్నా కదా!"

ఆమె సుత్తి మళ్లీ ఎత్తింది. "చదివినోడివి. బిడ్డ మంచికే చెప్తాండావు" అంది. మర్నాడు శాంతమ్మ పేరును కొట్టం పేజీలోకి నేనే మార్చాను.

నాలుగేళ్లకు మరియమ్మ పడుకోలేని స్థితికి వచ్చింది. గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. చూడడానికి వెళితే తన సంగతి ఎత్తలేదు.

"శాంతమ్మ పేరు కొట్టెయ్యప్పా. దాని దగ్గు అచ్చం నా దగ్గు మాదిరే ఉండాది."

"నేను తప్పు చదివాను" అన్నాను.

"సరిగ్గానే చదివినావు. మమ్మల్ని అడగల్యా. అంతే."

పేరు కొట్టేశాను. దగ్గు మాత్రం పోలేదు. ఆ వేసవిలోనే మరియమ్మ పోయింది.

రాతినార దుమ్ముకు అందరికంటే ముందు ఊపిరితిత్తులు చెడేది మూసిన కొట్టంలో కొట్టేవాళ్లకూ, జల్లెడ పట్టేవాళ్లకూ, ఇంట్లో వాళ్ల పని బట్టలు దులిపేవాళ్లకూ అని, అది క్షయ కాదని తర్వాత వచ్చిన పుస్తకాల్లో చదివాను. ఇప్పటికీ చదవడం మానలేదు. ఏ పుస్తకం మూసినా, ఇందులో లేనివాళ్లెవరని ఒకసారి ఆగుతాను.

ఈ రాతకు సాయపడినవాళ్లకు నా కృతజ్ఞతలు. కొట్టంలో ఎవరు ఎక్కడ కూర్చునేవారో గుర్తుచేసిన కాశమ్మకు, నీళ్ల కుండ సంగతి చెప్పిన హుసేన్‌బీకి. చివరగా శాంతమ్మకు. వాళ్లమ్మ మాటలు చెబుతూ ప్రతి వాక్యం నడుమా ఊపిరికోసం ఆగింది. నేను తలెత్తి చూసినప్పుడల్లా, నా కలం కోసం ఆగినట్టు, "రాసుకో అన్నా, నిదానంగా రాసుకో" అంది.