నడుమ ఆపరాదు

వాయిద్యం ఎక్కడ విన్నావని అడిగితే అందరూ వాయించినవాళ్ళ సంగతి చెప్తారు. నేను పైకప్పు సంగతి చెప్తాను. మైకు సెట్టు మీద బతికినవాణ్ణి. హిందూపురం నుంచి ధర్మవరం దాకా పెళ్ళిళ్ళకు, ఉరుసులకు, బడి వార్షికోత్సవాలకు హారన్లు కట్టినాను. రేకుల కప్పు కింద ఎంత మంచి వాయిద్యమైనా డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు ఉంటుంది. సిమెంటు కప్పు కింద ఒక దెబ్బ ఇంకొక దెబ్బ మీద పడుతుంది. షామియానా కింద శబ్దం నిలవదు, గాలి ఎత్తుకుపోతుంది. పెంకుల కప్పు మంచిది. ఇదంతా చదివి తెలుసుకున్నది కాదు. అప్పుడు నాకు చదవడం రాదు. నలభై దాటినాక నేర్చుకున్నాను. ఒక వాయిద్యం కోసం నేర్చుకున్నాను. ఆ సంగతే ఇది.

డెబ్బైలు ఇంకా ముగియలేదు. హిందూపురంలో ఒక బెల్లం మండీ శెట్టిగారి కొడుకు బెంగుళూరులో చదివి, చదువుతో పాటు ఒక కరెంటు గిటారు కూడా తెచ్చుకున్నాడు. వెంట ముగ్గురు స్నేహితులు. ఒకరు ఆర్గన్, ఒకరు డ్రమ్ములు, ఒకరు లావు తీగల గిటారు. పెళ్ళిళ్ళలో సినిమా పాటలు వాయించేవాళ్ళు. వాళ్ళ ప్రాణం మాత్రం వేరేదాని మీద ఉండేది. దానికి మాటలు లేవు, పల్లవి లేదు. పద్దెనిమిది నిమిషాలు నడుస్తుంది. దొరల దేశాల్లో రికార్డు ఒక పక్కంతా ఒకటే వాయిద్యం ఉంటుందట. అవి విని విని ఈయన సొంతంగా ఒకటి కట్టుకున్నాడు.

నేను మొదట విన్నది వాళ్ళ బెల్లం గోడౌనులో, మధ్యాహ్నం పూట, యాంప్లిఫైయర్ బాగుచేయడానికి పోయి. బెల్లం అచ్చుల వరసల మధ్య డ్రమ్ములు పెట్టుకున్నారు. ఈగలు ముసురుతున్నాయి. నేను తీగ అతికిస్తూ వింటున్నాను. ఏదో తేడాగా ఉంది, కాలు ఆడించబోతే కుదరడం లేదు. వేళ్ళ మీద లెక్క పెట్టినాను. ఏడు.

"ఇది మిశ్రచాపు కదప్పా," అన్నాను.

గిటారాయన, అదే శెట్టిగారి కొడుకు, వాయించడం ఆపి నన్ను చూసినాడు. "నీకెట్ల తెలుసన్నా?"

"మా నాయన డోలు వాయించేటోడు. గుడి ముందర రోజూ ఇదే. తకిట తకదిమి. మీరు దీన్ని దొరల సీమ నుంచి తెచ్చినామనుకుంటాండారా?"

ఆయన నవ్వినాడు. డ్రమ్ములాయనకు మాత్రం కొంచెం కోపం వచ్చింది. మళ్ళీ మొదలుపెట్టినారు. సగంలో నలుగురూ ఒక్కసారి ఆగిపోయినారు. చప్పుడు లేదు. డ్రమ్ములాయన పుల్లలు గాలిలో పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడే ముందు గదిలోంచి శెట్టిగారి దగ్గు వినబడింది. బండ్లు వచ్చినాయి, గోడౌను ఖాళీ చేయాలి. అంతే, వైర్లు చుట్టేసినారు.

"ఆగినాక ఏమొస్తుందప్పా?" అని అడిగినాను.

"చెప్తే రాదన్నా. కొసదాకా ఉండి వినల్ల. ఇంతవరకూ ఎవరూ వినలేదు. గోడౌన్లో మా నాయన, పెండ్లిండ్లలో చీటీలు."

చీటీలంటే పాటల చీటీలు. ఎవరికి ఏ పాట కావాలో కాగితం ముక్క మీద రాసి మైకువాడి చేతికి ఇచ్చేవాళ్ళు. నాకు చదవడం రాదు కాబట్టి వచ్చినవి వచ్చినట్టే పాడేవాళ్ళకు అందించేవాణ్ణి. ఎవరు ఏమి రాసినారో నాకెందుకు?

తర్వాత నెలలో హిందూపురంలోనే ఒక కల్యాణ మంటపంలో రిసెప్షను. సాయంత్రం నాలుగైదు పాటలు అయినాక గిటారాయన నా వైపు తల ఊపినాడు. మొదలుపెట్టినారు. నాకు తెలుసు, ఇది అది. ఐదు నిమిషాలు కూడా కాలేదు, పెళ్ళికూతురి మేనమామ నా దగ్గరికి వచ్చినాడు.

"ఏమప్పా, పాట ఎప్పుడు మొదలైతాది?"

"ఇదేనయ్యా."

"ఇదా? తీగలు సరిచేసుకుంటాండారనుకుంటిమే. తగ్గించు. రెండో పంక్తి భోజనాలకు పిలవల్ల."

తగ్గించినాను. నా చేతితో నేనే ఆ శబ్దం గుండీ తిప్పినాను. మేనమామ మైకు పట్టుకుని సాంబారు సంగతి చెప్తుంటే గిటారాయన ఇంకా వాయిస్తూనే ఉన్నాడు, వినబడకుండా. నన్ను ఒకసారి చూసినాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. డబ్బిచ్చినవాడు చెప్పినట్టు చేసినాను, నా తప్పేముంది అని నాలో నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అబద్ధం. ఐదు నిమిషాలు ఓర్చుకోమని ఒక మాట అనవచ్చు. అనలేదు.

అప్పుడే పట్టు పట్టినాను. ఈ వాయిద్యం ఒక్కసారైనా మొదలు నుంచి కొసదాకా నడవాలి, నా హారన్లలోనే నడవాలి.

పెనుకొండలో బడి మైదానం ఖాళీగా ఉంటుంది. కొండ కింద, రోడ్డు పక్కన. అక్కడ పెడితే పెళ్ళివాళ్ళు ఉండరు కదా అనుకున్నాను. అనుమతికి కాగితం కావాలి. తాలూకా ఆఫీసు బయట చెట్టు కింద అర్జీలు రాసే ఆయన ఒకడు ఉండేవాడు. సంగతంతా చెప్పినాను. ఆయన రాసినాడు. నేను వేలిముద్ర వేసినాను. చదివి వినిపించమని అడగలేదు. ఆయనకు ఉన్న తొందర చూసి అడగడానికి సిగ్గుపడినాను.

ఆదివారం పొద్దున జనం బాగానే వచ్చినారు. రొద్దం బస్సు దిగినవాళ్ళు కూడా నిలబడినారు. నేను హారన్లు కొండ వైపు తిప్పినాను, ఊరికంతా వినబడుతుందని. అదొక తెలివితక్కువ పని. శబ్దం కొండకు తగిలి ఒక దెబ్బ ఆలస్యంగా తిరిగి వస్తోంది. ఏడు కాస్తా ఎనిమిదైంది. హారన్లు తిప్పడానికి నిచ్చెన ఎక్కినాను. అంతలో ఒక అధికారి చేతిలో కాగితంతో వచ్చి ఆపమన్నాడు.

"ఇందులో ఏముండాది? రెండు భక్తి పాటలు అని రాసి ఉండాది. ఈ గోల ఏంది?"

"నేను అట్ల రాయలేదు సార్."

"నువ్వు రాయలేదు. వేలిముద్ర నీదే కదా?"

నాదే. అర్జీలాయన తనకు తెలిసిన మాట రాసేసినాడు. మాటలు లేని వాయిద్యం అంటే ఎవరూ అనుమతి ఇవ్వరని మంచికే రాసి ఉంటాడు. తర్వాత అదే చెప్పినాడు కూడా. నిచ్చెన మీద నుంచి దిగి ప్లగ్గు పీకినాను. రెండోసారి కూడా ఆపింది నా చెయ్యే.

సామాను బండికి ఎక్కిస్తుంటే గిటారాయన చెప్పినాడు. "ఇంగ చాలన్నా. దీపావళి అయినాక మండీలో కూర్చోమన్నాడు నాయన. వీళ్ళు ముగ్గురూ ఎవరి దావ వాళ్ళు చూసుకుంటారు. నువ్వు ఊరికే అలసిపోవద్దు."

దీపావళికి ఐదు నెలలు ఉంది.

మా వీధి చివర పెద్దవాళ్ళకు సాయంత్రం బడి పెట్టినారు. ఒక టీచరమ్మ, రెండు లాంతర్లు. మరుసటి రోజే పోయి కూర్చున్నాను. ఇంట్లో మా ఆవిడ నవ్వింది. "గడ్డం నెరిసినాక అ ఆ లా? ఏమయ్యా, కలెక్టరు ఉద్యోగానికి పోతావా?"

"ఒక కాగితం రాయల్ల."

"ఒక కాగితానికి ఇంత తతంగమా? ఎవురితోనన్నా రాయించు."

"రాయించే కదా ఇంత దూరం వచ్చింది."

టీచరమ్మ నాకంటే చిన్నది, గట్టిది. ఒత్తులు తప్పితే పలక తుడిచేసేది. తీగలు అతికించే వేళ్ళకు బలపం పట్టడం రాదు, విరిగిపోయేది. మూడు నెలలకు బస్సు బోర్డులు చదివినాను. నాలుగో నెలకు పాటల చీటీలు చదవగలిగినాను. చదివినాక తెలిసింది, ఇన్నేళ్ళూ నేను అందించిన చీటీల్లో సగం పాటలు కావు. 'తొందరగా ముగించండి' అని ఉండేవి.

ఇక చోటు. ధర్మవరంలో ఒక పట్టు మగ్గాల షెడ్డు నాకు తెలుసు. పెళ్ళికి హారన్లు కట్టడానికి పోయినప్పుడు చూసినాను. పొడుగాటి పెంకుల కప్పు, మట్టి గోడలు, మధ్యలో ఇరవై గుంత మగ్గాలు, కాళ్ళు పెట్టుకోవడానికి కింద గుంతలు తవ్వినవి. పడుగు పోగులు, చీరలు అడ్డంగా ఉంటాయి కాబట్టి శబ్దం గోడలకు తగిలి తిరగబడదు. రోజంతా మగ్గాల చప్పుడే కాబట్టి అక్కడ ఏమీ పెట్టడానికి లేదు. కానీ అమావాస్య నాడు మగ్గం ఆడదు. ఆ రోజు నేతగాళ్ళు పోగు నడిపే నాడె కూడా ముట్టరు. షెడ్డు ఖాళీ, మనుషులు ఖాళీ.

షెడ్డు పెద్ద మేస్త్రి ముసలాయన. అడిగినాను.

"ఏం పాటలబ్బా?"

"పాటలు కాదు. మాటలుండవు. పద్దెనిమిది నిమిషాలు."

"నడుమ ఎవురన్నా మాట్లాడొచ్చునా?"

"కుదరదు."

"మా ఇండ్లలో చీర దిగేదానికి పది దినాలు పడతాది. పద్దెనిమిది నిమిషాలు కూర్చోలేమా? తీసుకుని రా."

అనుమతి కాగితం నేనే రాసినాను. నా జన్మలో నేను రాసిన మొదటి కాగితం అదే. మూడు కాగితాలు పాడుచేసి నాలుగోది నిలబెట్టినాను. అందులో ఇట్లా ఉంది: 'మాటలు లేని వాయిద్యం. పద్దెనిమిది నిమిషాలు. నడుమ ఆపరాదు.' పోలీసు స్టేషనులో ఒకాయన చదివి, "ఆపరాదా? మాకే చెప్తాండావా?" అన్నాడు. అవును సార్, అందరికీ, అన్నాను. ముద్ర వేసి ఇచ్చినాడు. కింద వేలిముద్ర కాదు, సంతకం.

దీపావళి కూడా అమావాస్యే. ఆ నాడు ఇళ్ళల్లో పండగ ఉంటుంది కాబట్టి దానికి ముందు వచ్చిన అమావాస్య పెట్టుకున్నాము. అదే ఆఖరు. గిటారాయన నమ్మకం లేకుండానే వచ్చినాడు. అప్పటికే బెంగుళూరు పోయిన ముగ్గురు స్నేహితులనూ పిలిపించింది మాత్రం ఆయనే.

పొద్దున పది గంటలు. షెడ్డులో కుర్చీలు లేవు. ఎవరి మగ్గం దగ్గర వాళ్ళు, ఎవరి గుంతలో వాళ్ళు కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. అది వాళ్ళ అలవాటు, వేరేగా కూర్చోవడం వాళ్ళకు రాదు. ఆడవాళ్ళు గోడల వెంట. హారన్లు వద్దనుకుని రెండు పెట్టె స్పీకర్లు నేల మీద పెట్టినాను. హిందూపురం నుంచి ఒక పట్టునూలు వ్యాపారి వచ్చి ఉన్నాడు. ఆయన దగ్గరే వీళ్ళంతా పట్టు తీసుకోవాలి. ఆయనకు మాత్రం కుర్చీ వేసినారు.

మొదలైంది. మొదటి రెండు నిమిషాలు ఎవరూ కదల్లేదు. నాకు భయం వేసింది. తర్వాత గుంతల్లోంచి ఒక చప్పుడు. చూస్తే తొక్కుడు కర్రల మీద కాళ్ళు. ఒకరివి, ఇద్దరివి, తర్వాత చాలామందివి. అమావాస్య కాబట్టి గట్టిగా తొక్కడం లేదు, ఆనించి తీస్తున్నారు. ఏడుకు ఏడు సరిగ్గా పడుతోంది. డ్రమ్ములాయన వాళ్ళ కాళ్ళనే చూస్తూ వాయిస్తున్నాడు.

అప్పుడు ఆ సగం వచ్చింది. నలుగురూ ఆగిపోయినారు.

షెడ్డులో సగం మంది లేచినారు. మగ్గం ఆగిందంటే పోగు తెగినట్టు. అలవాటు కొద్దీ ఎవరి పడుగు మీదికి వాళ్ళు వంగి వెతకడం మొదలుపెట్టినారు. ఒకాయన నా వైర్ల దగ్గరికే వచ్చి వంగినాడు. "యాడ తెగిందప్పా?" అని గుసగుసగా అడిగినాడు. పెద్ద మేస్త్రి చేత్తో కిందికి చూపించినాడు, కూర్చోమని.

అదే అదను అనుకున్నాడేమో, పట్టునూలు వ్యాపారి కుర్చీలోంచి లేచి వచ్చి నా చేతిలో ఒక చీటీ పెట్టినాడు. నాకు చదువు రాదని ఆయనది పెళ్ళిళ్ళ నాటి పాత లెక్క. "ముందుకు పంపు," అన్నాడు.

నేను విప్పి చదివినాను. ఒక సినిమా పాట పేరు, కింద 'ఇది చాలు' అని. వాయించేవాళ్ళు నలుగురూ నా వైపే చూస్తున్నారు. గిటారాయన ముఖం హిందూపురం మంటపంలో ఉన్నట్టే ఉంది. నా చెయ్యి గుండీ పక్కనే ఉంది.

చీటీ మడిచి నా జేబులో పెట్టుకున్నాను.

"చదివినాను సామీ," అన్నాను మెల్లగా. "కూర్చోండి."

"చదివినావా? నువ్వా?"

"నేనే. ఇంగా ఉండాది. కూర్చోండి."

ఆయన మేస్త్రి వైపు చూసినాడు. మేస్త్రి ఆయన్ను చూడలేదు, గిటారు తీగలనే చూస్తున్నాడు. పట్టు ఇచ్చేవాణ్ణి చూడకుండా ఉండటం ఆ షెడ్డులో చిన్న సంగతి కాదు. వ్యాపారి పోయి కూర్చున్నాడు.

అప్పుడు వచ్చింది. ఏమొస్తుందని నేను నెలల కొద్దీ అనుకున్నానో అది కాదు. గిటారు ఒక్కటే, చాలా చిన్నగా, మొదట్లో వాయించిందే వెనక నుంచి ముందుకు. తర్వాత ఆర్గన్ దాన్ని అందుకుంది. ఆ తర్వాత ఆరు నిమిషాలు నేను వైర్లను చూడలేదు, గుండీని చూడలేదు. కొసదాకా విన్నాను.

ముగిసినాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మళ్ళీ పోగు తెగిందేమో అని ఆగినారు. పెద్ద మేస్త్రి అడిగినాడు. "అయిపాయనా, ఇంగా ఉండాదా?"

"అయిపోయిందయ్యా," అన్నాడు గిటారాయన. 

"ఏడు అయిపోయి మళ్ళీ ఒకటికి కాలు మారుతాంది మాకు. కుడి పోయి ఎడమ. అది మీరు కావాల్నే పెట్టినారా?"

 డ్రమ్ములాయన పోయి ఒక గుంతలో దిగి కూర్చుని, కాలు ఎట్లా మారుతుందో చూపించమని అడిగినాడు. వాళ్ళు చూపిస్తున్నారు. నేను గుండీ తగ్గించి వైర్లు చుట్టడం మొదలుపెడితే గిటారాయన వద్దన్నాడు.

"ఉండనీ అన్నా. మండీలో కూర్చునేదానికి ఇంగా నెల ఉండాది. ఇంగొకసారి వాయిస్తాం."

గుండీ మొదట ఉన్నచోటికి తిప్పి, నేను కూడా ఒక గుంత పక్కన కూర్చున్నాను.